పదకొండో ఇటుక

మా డార్డ్రెక్ట్‌లో నిటారుగా నిలబడ్డ ఇల్లొకటి చూపించమంటే ఎవరైనా కాసేపు తల గోక్కోవలసిందే. పెద్ద చర్చి గంటల గోపురమే, కడుతూ ఉండగా ఒక పక్కకి ఒరగడం మొదలుపెడితే, ఇక చాల్లే అని పైన శిఖరం పెట్టకుండా వదిలేసిన ఊరు ఇది. చుట్టూ నదులు, కింద బురద, ఆ బురదలోకి మా పెద్దలు దిగ్గొట్టిన చెక్క దుంగలు, వాటి మీద మేము. పై ఊరివాళ్ళు వచ్చి ఈ ఒరిగిన ఇళ్ళ ముందు నోరు తెరుచుకుని నిలబడితే మాకు లోలోపల మహా గర్వం. అందులో మా గొప్పేమీ లేదని ఎవరూ గుర్తుచెయ్యరు కాబట్టి ఆ గర్వం అలా సాగిపోతుంటుంది.

ఆ గర్వానికి ఒక నోరంటూ ఉంటే అది హ్యూబ్ స్తోల్క్ నోరే. ముప్పై ఏళ్ళు ఓడల కార్ఖానాలో నక్షాలు గీసిన మనిషి. కార్ఖానా మూసేసిన రోజు మిగతావాళ్ళు కుర్చీలూ దీపాలూ పట్టుకుపోతే, ఆయన గోడ నిటారుగా ఉందో లేదో చూసే ఒక ఇత్తడి తూకం గుండుని దారంతో సహా జేబులో వేసుకుని ఇంటికి వచ్చాడు. మరుసటేడు భార్య పోయింది. ఆ తర్వాత ఏడాదిన్నర ఆయన వంటింటి కిటికీ దగ్గర కూర్చుని ఎదురింటి గోడకేసి చూస్తూ గడిపాడు. పలకరించేవాళ్ళు లేరని కాదు, పలకరిస్తే తిరిగి ఏమనాలో మరిచిపోయాడు.

ఊరు చూపించే విశ్రాంత ఉద్యోగుల బృందానికి పెద్ద గోవర్ట్ అనే ఆయన. ఒకరోజు సైకిలు మీద వచ్చి, లోపలికి రమ్మనకుండానే వచ్చి కూర్చున్నాడు.

"నీకు గీతలు తెలుసు, ఊరు తెలుసు, ఒకప్పుడు నోరు కూడా ఉండేది. ఇక్కడ కూచుని ఎవరికి చెప్తావోయ్, కుళాయికా?"

"నా మాటలు ఎవడిక్కావాలి?"

"శనివారాలు పనేం లేనివాళ్ళు చాలామంది ఊళ్ళోకి వస్తారు. వాళ్ళకి కావాలి. కోటేసుకో."

అలా యాభై ఏడో ఏట హ్యూబ్‌కి రెండో పుట్టుక పుట్టినట్టయింది. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ప్రతి శనివారం, రెండు గంటలకి ఠంచనుగా వంతెన దగ్గర నిలబడేవాడు. గోడల్లో ఇనుప కొక్కేలు ఎందుకున్నాయో, కొత్తగా మేస్త్రీ అయ్యేవాడు పరీక్షగా ఏ తీరు ముందుగోడ కట్టి చూపించేవాడో, ఏ ఇంటి రాతిపలక మీద ఏ బొమ్మ ఉందో చెప్పుకుంటూ రెండు గంటలు జనాన్ని తిప్పేవాడు. నిజం చెప్పొద్దూ, బాగా చెప్పేవాడు. వినేవాడికి తన ఊళ్ళో తన ఇల్లే తక్కువైనట్టు అనిపించేలా చెప్పేవాడు.

ఆ నడకంతటికీ పీపాల సందులో ఉన్న మూడు చేపల ఇల్లు తలమానికం. మూడంతస్తుల సన్నటి ఇల్లు. గుమ్మం మీద రాతిపలకలో మూడు హెర్రింగు చేపలు. అటకకి పైన బరువులెత్తే దూలం, దూలానికి కొక్కెం. ముందుగోడ సందు మీదికి తొంగిచూస్తున్నట్టు వంగి ఉంటుంది. మొదటి శనివారం హ్యూబ్ దాని ముందు నిలబడి, "పడిపోతుందని భయపడకండి. మా పెద్దలు కావాలనే ఇలా కట్టారు. తాడేసి మూటలు పైకి లాగేటప్పుడు గోడకి రాసుకోకూడదు కదా. వాన నీళ్ళు కూడా గోడని తడపకుండా కింద పడతాయి" అని చెబుతూ, ఆ వంపు ఎంతో చూపించడానికి గుండు తీశాడు. తీశాడు గాని, దాన్ని వేలాడదియ్యడానికి పైన చెయ్యి ఏదీ? పట్టుకుని గాలిలో ఊపుతూ అవస్థ పడుతుంటే అటక కిటికీ తెరుచుకుంది.

"ఇదిగో మేష్టారూ! పావుగంట నించీ చూస్తున్నా. ఆ గుండు ఈ బుట్టలో వెయ్యి, నేను దించుతా. నిన్ను చూస్తుంటే నా చెయ్యి నొప్పెడుతోంది."

తాడుకి కట్టిన బుట్ట కిందికి వచ్చింది. ఆవిడ పేరు క్రైనా. అప్పటికి అరవై అయిదేళ్ళ విధవరాలు. గుండుని దూలం కొక్కేనికి తగిలించి వదిలితే అది గుమ్మం మెట్టుకి దూరంగా, జానెడున్నర అవతల, సందులో అంచు మీద పరిచిన సన్నటి ఇటుకల మీద ఆగింది. జనం ఓహో అన్నారు. హ్యూబ్ వంగి లెక్కపెట్టాడు. మెట్టు నుంచి సరిగ్గా ఏడో ఇటుక. మరుసటి శనివారం తెల్లరంగు డబ్బా తెచ్చి ఆ ఇటుకకి రంగు వేశాడు.

అప్పటి నుంచి అదొక ఆచారమైంది. రెండూ నలభైకి జనం సందు మలుపు తిరగగానే పైన కిటికీ తెరుచుకునేది.

"గుండు దించనా, మేష్టారూ?"

"దించండి, క్రైనా గారూ!"

గుండు తెల్లటి ఇటుక మీద వాలేది. జనం చప్పట్లు కొట్టేవారు. నడక అయ్యాక హ్యూబ్ వెనక్కి వచ్చి ఆవిడ వంటింట్లో కాఫీ తాగేవాడు. కాఫీతో ఒక బిస్కెట్టు, ఆ వెంటనే డబ్బా మూత. మా ఊళ్ళో అంతకంటే మర్యాద ఎవరూ చెయ్యరు, ఎవరూ ఆశించరు. ఆవిడ ఆయన్ని నువ్వనేది, ఆయన పద్నాలుగేళ్ళూ ఆవిణ్ణి మీరనే అన్నాడు. నువ్వనమని పెద్దావిడ అనాలి. ఆవిడ అనలేదు, ఆయన అడగలేదు.

క్రైనా సరుకుల పడవలో పుట్టి, సరుకుల పడవ నడిపేవాణ్ణి కట్టుకుని, నలభై ఏళ్ళు నీళ్ళ మీద కాపురం చేసింది. మొగుడి గుండె జబ్బుతో పడవ అమ్మేసి ఈ ఇల్లు కొనుక్కున్నారు. ఆయన మెట్లు నాలుగుసార్లు ఎక్కాడో లేదో, పోయాడు.

"మొదటి నెలంతా నాకు నిద్ర పట్టలేదు తెల్సా," అనేది ఆవిడ. "మంచం ఊగదు. గోడ చప్పుడు చెయ్యదు. తర్వాత్తర్వాత అదే బాగుందనిపించింది. ఇక చూడు, నన్నిక్కణ్ణించి మోసుకుపోవాలే తప్ప నా కాళ్ళతో నేను దిగను. కదలని చోట పడుకుని చస్తాను. ఆ మాత్రం సంపాదించుకున్నా."

"మీకేం, ఈ ఇల్లు నాలుగొందల ఏళ్ళ నించి ఉంది. మనిద్దర్నీ పంపించి ఇంకా నిలబడుతుంది," అనేవాడు హ్యూబ్.

ఆ మాట మీద ఆవిడ నిశ్చింతగా నిద్రపోయేది. హ్యూబ్‌కి ఈ భూమ్మీద తనని నమ్మే మనిషి ఒకరున్నారని ఉండేది.

మా ఇళ్ళల్లో పుట్టినరోజుల క్యాలెండరు మరుగుదొడ్డిలో వేలాడుతుంది. అక్కడైతే ఎవరి రోజూ మరిచిపోవడానికి ఉండదు. ఏ సంవత్సరానికైనా పనికొచ్చే క్యాలెండరు, నెలకొక కాగితం. క్రైనా ఇంట్లో ఏప్రిల్ కాగితం మీద ఆరో తేదీన "హ్యూబ్ గుండు" అని రాసి ఉండేది, ఆయన మొదటిసారి ఆ సందులోకి వచ్చిన రోజు. పక్కనే చిన్న చిన్న అంకెలు, ఏడాదికి ఒకటి చొప్పున. హ్యూబ్ అది చూసి పొంగిపోయాడు. ఏప్రిల్ చలికి నడకకి ఏడెనిమిది మందికి మించి రారు. సీజను మొదటి రోజు వచ్చినవాళ్ళ లెక్క ఆవిడ రాసి పెట్టుకుంటోందనుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక తన గురించి ఎవరూ అంత లెక్క పెట్టుకోలేదు. అడిగితే ఆ ముచ్చట చెడుతుందని అడగలేదు.

ఇక ఆ ఇటుకల సంగతి. మాది బురద నేల కదా, వీధులు కుంగుతూనే ఉంటాయి. నాలుగైదేళ్ళకోసారి మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి ఇటుకలన్నీ పీకి, ఇసుక పోసి, మళ్ళీ పరిచి పోతారు. ఒక ఏప్రిల్‌లో గుండు దించితే అది తెల్ల ఇటుక మీద పడలేదు. పక్కన పడింది.

"మా మునిసిపాలిటీ పనితనం చూడండి!" అన్నాడు హ్యూబ్ జనంతో. "నా తెల్ల ఇటుకని ఎక్కడో పరిచేశారు. వీళ్ళకి గీత మీద గీత పెట్టడం ఈ జన్మకి రాదు."

అందరూ నవ్వారు. ఆయన రంగు డబ్బా తెచ్చి గుండు పడిన చోట కొత్త ఇటుకకి రంగేశాడు. ఇటుకలు పరిచేవాళ్ళ మీద విసురు ఆ నాటి నుంచి ఆయన ప్రసంగంలో భాగమైంది. మా ఊరివాడెవడైనా అదే అనుకునేవాడు. మా వీధులు కదులుతాయి, అది మాకు తెలుసు. ఇళ్ళు ఒరిగి ఉంటాయి, అది మా సొగసు. ఈ రెంటి మధ్య ఇంకోటి ఉండొచ్చని మా బుర్రకి తోచదు.

మరో రెండేళ్ళకి మళ్ళీ తప్పింది. ఈసారి కిటికీలోంచి క్రైనా గట్టిగా అంది: "మేష్టారూ, కిందటేడు గానీ ఈ ఏడు గానీ ఇటుకలోళ్ళు ఇటు రాలేదే?"

హ్యూబ్ తలెత్తి, చెయ్యి నడుం మీద పెట్టుకుని, "అయితే చెత్తబండి పనే క్రైనా గారూ. అంత బరువు వారం వారం దొర్లితే ఇటుకలేం ఖర్మ, నేనే జరుగుతాను!" అన్నాడు.

జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. క్రైనా కూడా నవ్వింది. ఆ ఏడు ఆవిడ వీధి తలుపు చలికాలంలో బిగుసుకుపోతే, హ్యూబ్ చిత్రిక తెచ్చి అంచు పట్టి ఇచ్చాడు. మరుసటేడు మళ్ళీ పట్టాడు. ఆ పై ఏడు రెండుసార్లు. పాత చెక్క, తడికి ఉబ్బుతుంది అన్నాడు. అది కూడా నిజమే. మనిషిని ముంచేది పచ్చి అబద్ధం కాదు, ఇలా సగం నిజమే.

నాలుగేళ్ళ కిందట వరసగా వేసవులు ఎండగొట్టాయి. నేలలో నీళ్ళు దిగిపోయాయి. నీళ్ళలో మునిగి ఉన్నంతకాలం మా దుంగలకి చావు లేదు, తలకి గాలి తగిలిందంటే పుచ్చిపోతాయి. క్రైనా పక్కింట్లో ఉండే మిర్తె, ఇద్దరు పిల్లల తల్లి, గోడకి పగులు కనబడగానే మనిషిని పిలిపించి గుంత తవ్వించింది. దుంగల తలలు వేలితో గుచ్చితే దిగబడుతున్నాయి. మూడిళ్ళకీ గోడలు ఉమ్మడి, కాబట్టి మూడింటి కిందా ఒకేసారి కొత్త స్తంభాలు దింపాలన్నారు. అవతలి ఇంటివాళ్ళు సంతకం పెట్టారు. మిర్తె కాగితం పట్టుకుని క్రైనా వంటింట్లోకి వచ్చింది. అది శనివారం. హ్యూబ్ కాఫీ తాగుతున్నాడు.

"నువ్వేమంటావు, మేష్టారూ?" అంది క్రైనా.

హ్యూబ్ కాగితం అటూ ఇటూ తిప్పాడు. "రెండేళ్ళ పాటు ముందంతా పరంజీ కడతారు. ఈవిడ ఎక్కడో ఉండాలి. ఎందుకమ్మా ఇదంతా? మీ ఇల్లు వేరు, ఈ ఇల్లు వేరు. ఇది కట్టడమే అలా కట్టారు."

"హ్యూబ్ గారూ, మీరు మా అమ్మాయి క్లాసుకి కూడా చెప్పారు ఈ కథ. బాగుంటుంది. కానీ కథ నేల కిందికి దిగదండీ. కింద దుంగ పుచ్చిపోయింది."

"ముప్పై ఏళ్ళు ఓడలు గీశానమ్మా నేను. ఒరగడం అంటే ఏంటో నాకు నువ్వు చెప్పాలా?"

మిర్తె ముఖం ఎర్రబడింది. క్రైనా కేసి తిరిగింది. "మీరు చెప్పండి. ఇల్లు మీది."

క్రైనా ఇద్దరి ముఖాలూ చూసింది. ఏదో అనబోయింది. తర్వాత బిస్కెట్టు డబ్బా మూత సరిగా ఉందో లేదో నొక్కి చూసి, "హ్యూబ్ అన్నీ చూసే చెప్తాడు" అంది. కాగితం సంతకం లేకుండానే వెనక్కి వెళ్ళింది.

ఇక్కడ హ్యూబ్‌ని వెనకేసుకొచ్చే ఉద్దేశం నాకు లేదు. పరంజీ కడితే గుండు దించడం ఉండదు, కిటికీ తెరుచుకోదు, శనివారం కాఫీ ఉండదు. ఆ సంగతి ఆయన మనసులో మెదిలిందా అంటే మెదిలింది. మెదిలినట్టు ఆయన తర్వాత గోవర్ట్‌తో ఒప్పుకున్నాడు. ఆ పూట మాత్రం తనకి తనే చెప్పుకోలేదు.

పక్కవాళ్ళు ఇక ఆగకుండా తమ ఇళ్ళ వరకు పని చేయించుకున్నారు. అటూ ఇటూ రెండిళ్ళూ కొత్త కాళ్ళ మీద బిగుసుకుని నిలబడ్డాయి. మధ్యలో మూడు చేపల ఇల్లు ఒక్కటే పుచ్చిన కాళ్ళ మీద కుంగుతూ, రెండు పక్కల నుంచీ చీరుకుపోవడం మొదలుపెట్టింది. అది లోపల్లోపల జరిగే పని. బయటికి, గుమ్మం పక్కన వెంట్రుకంత పగులు.

సెప్టెంబరులో రెండో శనివారం. ఇరవై మంది దాకా వచ్చారు. సందు మలుపు తిరిగితే కిటికీ తెరుచుకోలేదు. లోపలి నుంచి గుద్దిన చప్పుడు వినబడింది, ఒకటి, రెండు, మూడు. చివరికి తెరుచుకుంది. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి, ముఖం కందగడ్డైపోయి ఉంది.

"గుండు... దించనా, మేష్టారూ?"

"దించండి, క్రైనా గారూ!"

గుండు దిగింది. ఏప్రిల్‌లో రంగేసిన తెల్ల ఇటుకని దాటి అవతల ఊగి ఆగింది. హ్యూబ్ నోటికి చెత్తబండి మాట వచ్చేసింది. జనం నవ్వబోతుండగా వెనక నుంచి ఒక పొడుగాటి ఆవిడ ముందుకి వచ్చి గుమ్మం పక్క పగులులో వేలు పెట్టింది.

"ఈ ఇంట్లో ఎవరైనా ఉంటున్నారా?"

"పైనున్నారు కదండీ, ఆవిడే."

"ఆవిణ్ణి కిందికి రమ్మనండి. ఇప్పుడే. కోటు వేసుకోవడానికి కూడా ఆగొద్దనండి."

హ్యూబ్ చిరునవ్వు నవ్వాడు. ఇలాంటివాళ్ళు నెలకొకరు తగులుతారు. "అమ్మా, కంగారు పడకండి. మా పెద్దలు కావాలనే..."

"మాది ఖౌదా. మా ఊరు ఏటా కుంగుతుంది. మా అమ్మ ఇల్లు ఇలాగే పోయింది." ఆవిడ వేలు చూపించింది. వేలికి ఎర్రటి ఇటుక పొడి, ఇప్పుడే దంచిన కారంలాగా. "కావాలని కట్టినదైతే పగులు పాతబడి నల్లగా ఉంటుంది. ఇది నిన్నా ఇవాళా పగిలింది. రమ్మంటారా, నేను పిలవనా?"

హ్యూబ్ ఆ పొడిని చూశాడు. తర్వాత గుండుని చూశాడు.

"క్రైనా గారూ, ఒకసారి కిందికి రండి."

"ఏం, ఇవాళ కాఫీ ముందా?" అని నవ్వింది పైనుంచి.

"రండి. తొందరగా రండి."

తలుపు రాలేదు. మంగళవారమే ఆయన చిత్రిక పట్టిన తలుపు. లోపలి నుంచి ఆవిడ లాగింది, బయటి నుంచి హ్యూబ్, ఇద్దరు మగవాళ్ళు భుజాలేసి తోశారు. తెరుచుకునేసరికి గుమ్మం పైన సున్నం పెళ్ళలు రాలి ఆవిడ తల మీద పడ్డాయి. ఏప్రనుతో, ఇంట్లో చెప్పులతో, తన కాళ్ళతో తనే బయటికి వచ్చింది. మళ్ళీ ఆ ఇంట్లోకి వెళ్ళలేదు.

గంటలో మునిసిపాలిటీ ఇంజనీరు వచ్చాడు. తలుపుకి ఎర్ర కాగితం అంటించారు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని అడిగాడు. "ఇదివరకు ఎంత వంగి ఉండేదో ఎవరికైనా తెలుసా?"

"ఏడు ఇటుకలు," అన్నాడు హ్యూబ్.

ఇంజనీరు మెట్టు దగ్గర నుంచి గుండు దాకా వేలితో తాకుతూ లెక్కపెట్టాడు. "పదకొండు. ఏడు ఎప్పటి సంగతి?"

"పద్నాలుగేళ్ళ కిందట."

"మధ్యలో?"

"ప్రతి ఏప్రిల్‌లో గుండు పడిన చోట... కొత్తగా రంగు..." అన్నాడు హ్యూబ్.

ఇంజనీరు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "అయ్యో," అన్నాడు, నిజంగానే బాధపడి. "గుండుంది, గుర్తుంది, పద్నాలుగేళ్ళుంది. మేం యంత్రాలు బిగించినా ఇంత మంచి కొలత దొరికేది కాదండీ."

క్రైనా పక్కనే నిలబడి, మిర్తె కప్పిన కోటు పట్టుకుని, పైన తెరిచి ఉన్న కిటికీని చూస్తోంది. ఆ కిటికీ ఎవరూ వెయ్యలేదు. లోపలికి వెళ్ళడానికి ఎవరికీ అనుమతి లేదు.

ముందుగోడని ఊడదీసి, ఇటుక ఇటుకకీ అంకె వేసి దాచారు. మళ్ళీ ఎప్పటికో నిలబెడతారట. ఆవిడ వయసుకి అది ఎప్పటికీ కాదనే లెక్క. ఊరి చివర కొత్త పేటలో ముసలివాళ్ళ ఇళ్ళలో ఒక గది ఇచ్చారు.

"నువ్వు మానకు," అన్నాడు గోవర్ట్. "ఆ సందు వదిలేసి తిప్పు. మనూళ్ళో ఒరిగిన ఇళ్ళకి కరువా?"

హ్యూబ్ తరవాతి శనివారం వంతెన దగ్గర నిలబడ్డాడు. రేవు వెంట నడిచి ఒక ఇంటి ముందు ఆగాడు. "భయపడకండి, దీన్ని మా పెద్దలు కావాలనే..." అని ఆగిపోయాడు. పైకి చూశాడు. నిజంగా కావాలనే కట్టారా, ఇదీ పడిపోతోందా? తెలియదు. పక్క ఇల్లు? తెలియదు. కుండీల్లో పువ్వులు, కిటికీలో పిల్లి, లోపల ఎవరో బల్ల తుడుస్తున్నారు. వాళ్ళతో ఏం చెప్పాలి? జనం ఎదురు చూశారు. ఎవరో దగ్గారు. తను పుట్టి పెరిగిన ఊళ్ళో, తెలియని ఇల్లు లేదనుకున్న ఊళ్ళో, ఆయనకి చెప్పడానికి ఒక్క వాక్యం మిగల్లేదు. "నాకు ఒంట్లో బాలేదు" అని టోపీ తీసి అందరికీ క్షమాపణ చెప్పి వెళ్ళిపోయాడు. ఆ చలికాలమంతా మళ్ళీ వంటింటి కిటికీ, ఎదురింటి గోడ. ఇప్పుడు ఆ గోడ కూడా ఒరిగిందేమోనని రోజుకి పదిసార్లు చూసేవాడు.

క్రైనా దగ్గరికి వెళ్ళడానికి ఆయనకి ఏడు నెలలు పట్టింది. ఏప్రిల్‌లో వెళ్ళాడు. అగ్నిమాపక దళం వాళ్ళు దారం కోసి దించి ఇచ్చిన గుండు కోటు జేబులోనే ఉంది, ఎందుకు తెచ్చాడో ఆయనకే తెలియదు.

"రా మేష్టారూ, కూచో," అంది క్రైనా. చిక్కిపోయింది. కాఫీ పోసింది. బిస్కెట్టు ఇచ్చింది, డబ్బా మూత పెట్టింది. గది శుభ్రంగా, తెల్లగా ఉంది. నేల మీద గోళీ పెడితే కదలదు. "ఇక్కడ నిద్ర రావట్లేదు," అంది. "పడవలోంచి దిగినప్పటి లాగానే. ఈసారి అలవాటయ్యేంత టైం లేదు నాకు."

హ్యూబ్ లేచి మరుగుదొడ్డిలోకి వెళ్ళాడు. ఎదురుగా అదే క్యాలెండరు. మిర్తె కిటికీలోంచి తీయించి తెచ్చి ఇచ్చిందట. ఏప్రిల్ కాగితం. "హ్యూబ్ గుండు." పక్కన అంకెలు. ఏడు అయిదుసార్లు, తర్వాత ఎనిమిది. మళ్ళీ ఎనిమిది. తొమ్మిది ఏడుసార్లు. చివర పది, దాని పక్కన వేరే కలంతో పదకొండు.

ఆయన అంకెలన్నీ వేలితో తాకుతూ మరోసారి చదివాడు. బయటికి వచ్చి గుమ్మంలోనే ఆగాడు.

"అది... నడకకి వచ్చిన జనం లెక్కనుకున్నానండీ."

"ఏ జనం?"

"ఏప్రిల్‌లో వచ్చేవాళ్ళు. ఏడుగురు, ఎనిమిది మంది..."

"జనాన్ని లెక్కెట్టి నేనేం చేసుకుంటానయ్యా? ఇటుకలు. పైనించి బాగా కనపడేవి. మా పడవకి పక్కన గీతలుండేవి, నీళ్ళు ఎందాకా వచ్చాయో చూసుకోడానికి. పొద్దున్నే చూసి రాయకపోతే మా ఆయన కాఫీ తాగనిచ్చేవాడు కాదు. ఆ అలవాటు పోలేదు."

"మరి నాకెందుకు చెప్పలేదండీ?"

"చెప్పాను కదా," అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. "కిటికీలోంచి అరిచి చెప్పాను. నువ్వు చెత్తబండి అన్నావు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ పిల్ల కాగితం తెచ్చిన రోజు మళ్ళీ చెప్దామనుకున్నా. నువ్వు ముప్పై ఏళ్ళు ఓడలు గీశానన్నావు. నేను నలభై ఏళ్ళు పడవలో బంగాళాదుంపలు చెక్కు తీశాను. నా లెక్కే తప్పేమో అనుకున్నా."

"తప్పు నాదండీ."

"అవును, నీదే," అంది క్రైనా. కప్పు పక్కకి జరిపి, "నమ్మింది నేను. ఆ తప్పు నాది," అంది.

హ్యూబ్ కుర్చీలో కూలబడ్డాడు. ఏడవడానికి కూడా ఆ గదిలో తనకి హక్కు లేదనిపించింది. కాఫీ చల్లారింది. ఆవిడ మంచం పక్క గోడకేసి చూస్తూ అడిగింది.

"ఈ గోడ నిటారుగా ఉందా?"

ఆయన జేబులోంచి గుండు తీసి, లేచి, దారాన్ని గోడ పైఅంచుకి ఆనించి వదిలాడు. గుండు ఊగి ఊగి ఆగింది. వంగి, ఒక కన్ను మూసి, జీవితంలో ఎన్నడూ చూడనంత జాగ్రత్తగా చూశాడు.

"ఉందండీ. వెంట్రుకవాసి తేడా లేదు."

క్రైనా చేతికర్ర పట్టుకుని లేచింది. వచ్చి ఆయన వేళ్ళలోంచి దారం తీసుకుంది. తనూ ఒక కన్ను మూసి, కింది నుంచి పైదాకా, పై నుంచి కిందిదాకా చాలాసేపు చూసింది. తర్వాత దారాన్ని గుండుకి నిదానంగా చుట్టి, సొరుగు లాగి అందులో పెట్టి, సొరుగు మూసేసింది.

"ఇది నా దగ్గరుండనీ," అంది. "ఇకనించి నేనే చూసుకుంటాను."